తివాచీ పురుగు: ఉన్నిని తిని, జనపనారను వదిలేసే అతిథి



ఈనాటి పాఠాన్ని ఒక కిటికీ గట్టు దగ్గర మొదలుపెడదాం. ఆ కిటికీ బడ్జ్ బడ్జ్‌లో ఉంది. కోల్‌కతాకు నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న పట్టణం అది. చరిత్ర పాఠాల్లో 1914 నాటి కోమగాటా మారు ఓడ గురించి చదివే ఉంటారు. ఆ ఓడ ప్రయాణికులపై కాల్పులు జరిగింది ఈ ఊళ్ళోనే. చమురు నిల్వ చేసే పెద్ద పెద్ద ట్యాంకులకూ, జనపనార మిల్లులకూ ఈ ఊరు పేరుపొందింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి గంజాం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువాళ్ళు హుగ్లీ తీరపు జూట్ మిల్లుల్లో పనికోసం వలస వెళ్ళారు. అలా వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాల్లో మా పిన్నిగారిది ఒకటి.

కొన్నేళ్ళ క్రితం నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, పిన్ని మనవడికి ఒంటినిండా దద్దుర్లు. రెండేళ్ళ పిల్లవాడు. మెడ మీద, మోచేతుల మీద, నడుము దగ్గర ఎర్రగా పొక్కి దురదపెడుతున్నాయి.

"నల్లులు బాబూ! రెండుసార్లు మందు కొట్టించాం, ఐనా పోలేదు" అంది పిన్ని. "ఎవరో గోదాముల్లో బియ్యానికి పెట్టే మాత్రలు తెచ్చిచ్చారు. ఈ రాత్రికి మంచం కింద పెట్టేద్దాం అనుకుంటున్నాం."

ఆ మాత్రల సీసా అలమరలో ఉంది. దాన్ని చూసి నేను ఎందుకు ఉలిక్కిపడ్డానో ఈ పాఠం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. ముందుగా సీసాను ముట్టుకోకుండా పక్కన పెట్టించి, పరుపు చూశాను. నల్లులు ఉంటే దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు మరకలు, పరుపు కుట్ల వెంట నల్లని చుక్కలు కనిపించాలి. ఒక్కటీ లేదు. తరవాత కిటికీ గట్టు చూశాను. అక్కడ ఆవగింజ కంటే కొంచెం పెద్దవిగా, గుండ్రంగా, ఒంటిమీద తెలుపు, గోధుమ, నలుపు మచ్చలున్న పురుగులు అయిదారు వెల్లకిలా పడి ఉన్నాయి.

నేరస్థులు దొరికారు. కాని ఇక్కడే ఒక చిక్కు ఉంది. గట్టు మీద దొరికిన ఈ పురుగులు ఆ ఇంట్లో దేన్నీ తినలేదు, ఎవరినీ కుట్టలేదు. అసలు పని చేసింది వాటి పిల్లలు!

ఈ పురుగు ఎవరు?

దీన్ని తివాచీ పెంకుపురుగు అంటాం. కీటకాల్లో అన్నిటికంటే పెద్ద క్రమం కోలియోప్టెరా, అంటే పెంకుపురుగుల క్రమం. ముందు రెక్కలు గట్టిపడి వీపు మీద డిప్పలా మూసుకోవడం ఈ క్రమం గుర్తు. ఇందులో డర్మెస్టిడే అనే కుటుంబానికి చెందినది మన తివాచీ పురుగు. గ్రీకు భాషలో 'డెర్మా' అంటే చర్మం. చర్మాన్ని తినేవి అని ఆ పేరుకు అర్థం. అడవిలో ఈ కుటుంబం చేసే పని చాలా విలువైనది. చచ్చిన జంతువు మాంసాన్ని రాబందులు, ఈగల పిల్లలు తినేశాక మిగిలిన ఎండు తోలును, వెంట్రుకలను, ఈకలను శుభ్రం చేసేవి ఇవే. ప్రదర్శనశాలల్లో జంతువుల అస్థిపంజరాలను శుభ్రం చేయడానికి ఈ కుటుంబంలోని కొన్ని జాతులను కావాలనే పెంచుతారు.

ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి రెండు ప్రజాతులు. ఒకటి ఆంత్రినస్. పిన్ని ఇంటి కిటికీలో కనిపించింది ఇదే. 2 నుంచి 4 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఒంటిమీది రంగు మచ్చలు నిజానికి సీతాకోకచిలుక రెక్కల మీద ఉండే పొలుసుల వంటివి. పురుగు ముసలిదయ్యేకొద్దీ అవి రాలిపోయి నల్లబడుతుంది. దూరం నుంచి చూస్తే అక్షింతల పురుగు పిల్లేమో అనిపిస్తుంది. రెండోది అట్టాజినస్. ఇది కాస్త పొడవుగా, నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది.

ఈ కుటుంబంతో శాస్త్రజ్ఞుల పరిచయం పాతది. ఆంత్రినస్‌లోని ఒక జాతికి 18వ శతాబ్దంలోనే లిన్నేయస్ పేరు పెట్టాడు. ఆ పేరు 'మ్యూజియోరమ్', అంటే 'మ్యూజియంలది' అని. కీటకాలను సేకరించి పెట్టెల్లో దాచుకునే శాస్త్రజ్ఞుల సేకరణలనే ఇవి పిండి చేసేవి! 1814లో కోల్‌కతాలో ఇండియన్ మ్యూజియం మొదలైంది. 1916లో అదే నగరంలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఇటువంటి సంస్థల్లో కీటకాల పెట్టెలను కాపాడేవాళ్ళకు ఈ పురుగుతో పోరాటం నిత్యకృత్యం.

ఈ కుటుంబంలో ఇంకొక చుట్టం ఖాప్రా పురుగు. గోదాముల్లోని గోధుమలు, ఇతర ధాన్యాలు దీని ఆహారం. పరిస్థితులు బాగాలేకపోతే దీని లార్వా ఏళ్ళ తరబడి తిండి లేకుండా పగుళ్ళలో దాక్కుని బతకగలదు. ప్రపంచంలో చాలా దేశాలు ఓడరేవుల దగ్గర దీని కోసం ప్రత్యేకంగా తనిఖీలు చేస్తాయి.

నాలుగు దశలు, రెండు జీవితాలు

తివాచీ పురుగుది సంపూర్ణ రూపవిక్రియ. అంటే గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢకీటకం అని నాలుగు దశలు ఉంటాయి. వీటిలో లార్వా జీవితానికీ ప్రౌఢకీటకం జీవితానికీ పోలికే లేదు.

ప్రౌఢకీటకానికి వెలుతురంటే ఇష్టం. ఎగురుతుంది. పూలమీద వాలి పుప్పొడి, మకరందం తిని బతుకుతుంది. అందుకే అది కిటికీల దగ్గరకు చేరుతుంది. బయటకు, పూల దగ్గరకు పోవాలని దాని ఆరాటం. కొద్ది వారాలు బతుకుతుంది. ఈలోగా ఆడపురుగు పదుల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. ఎక్కడ పెడుతుంది? పుట్టే పిల్లకు తిండి దొరికేచోట. అది ఒక పక్షి గూడు కావచ్చు, మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున మడతపెట్టి మరచిపోయిన ఉన్ని దుప్పటి కావచ్చు.

రెండు మూడు వారాల్లో గుడ్డు పొదిగి లార్వా బయటికి వస్తుంది. దీనికి వెలుతురంటే గిట్టదు. చీకటి, నిశ్శబ్దం, కదలిక లేని చోటు కావాలి. ఆంత్రినస్ లార్వా పొట్టిగా, బొద్దుగా, ఒళ్ళంతా గోధుమరంగు చారలతో, వెంట్రుకల కుచ్చులతో చిన్న గొంగళిపురుగులా ఉంటుంది. అట్టాజినస్ లార్వా ముల్లంగి దుంపలా తల దగ్గర లావుగా, తోక వైపు సన్నగా ఉండి, చివర పొడవాటి వెంట్రుకల తోకతో కనిపిస్తుంది. లార్వా పెరిగేకొద్దీ పాత చర్మం విడుస్తుంది. ఇంట్లో మీకు దొరికే ఎండు తొడుగులు అవే. ఒక్క లార్వా తన జీవితంలో చాలాసార్లు ఇలా కుబుసం విడుస్తుంది కాబట్టి, పది తొడుగులు దొరికాయంటే పది పురుగులు ఉన్నట్టు కాదు.

లార్వా దశే అన్నిటికంటే దీర్ఘమైనది. ఉష్ణోగ్రతను బట్టి, తిండిని బట్టి కొన్ని నెలల నుంచి ఏడాది, రెండేళ్ళ దాకా సాగవచ్చు. ఒకసారి మందు కొట్టి, వారం రోజులు ఏమీ కనిపించకపోతే 'పోయాయి' అనుకోవడం ఎందుకు పొరపాటో దీన్నిబట్టి గ్రహించండి.

ఉన్నిని తింటుంది, జనపనారను ఎందుకు తినదు?

ఇప్పుడు మన పాఠంలో రసాయనశాస్త్రం ప్రవేశిస్తుంది. జాగ్రత్తగా గమనించండి.

బడ్జ్ బడ్జ్ వంటి ఊళ్ళలోని మిల్లుల్లో తయారయ్యే జనపనార గుడ్డకు ఒక ముఖ్యమైన ఉపయోగం ఉంది. తివాచీల అడుగుభాగంలో వేసే పట్టుగుడ్డగా అది దేశదేశాలకు వెళ్ళింది. పైన ఉన్ని, కింద జనపనార. తివాచీ పురుగు లార్వా సరిగ్గా ఈ రెండింటి మధ్య చేరుతుంది. కొన్ని నెలల తరవాత తివాచీని ఎత్తి చూస్తే, పైనున్న ఉన్ని కుచ్చు మొదలంటా కొరికేసి ఉంటుంది. కిందనున్న జనపనార మాత్రం చెక్కుచెదరదు. ఒకే వస్తువు, ఒకే పురుగు. ఎందుకీ పక్షపాతం?

జనపనార మొక్క నుంచి వచ్చినది. అందులో ముఖ్యంగా ఉండేది సెల్యులోజ్, లిగ్నిన్. నూలు దాదాపు పూర్తిగా సెల్యులోజ్. ఉన్ని జంతువు నుంచి వచ్చినది. అది కెరాటిన్ అనే ప్రోటీన్. మన జుట్టు, గోళ్ళు, పక్షుల ఈకలు, జంతువుల కొమ్ములు, గిట్టలు అన్నీ కెరాటిన్‌వే. ఈ ప్రోటీన్‌లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. పక్కపక్కనున్న గొలుసుల్లోని గంధక పరమాణువులు చేయి చేయి పట్టుకున్నట్టు కలిసి డైసల్ఫైడ్ బంధాలు ఏర్పరుస్తాయి. ఈ బంధాల వల్లనే కెరాటిన్ అంత గట్టిది. మనం వెంట్రుకను మింగితే అది జీర్ణం కాదు. మన జీర్ణరసాలకు ఆ బంధాలను తెంచే శక్తి లేదు.

తివాచీ పురుగు లార్వాకు, బట్టల చిమ్మెట లార్వాకు ఆ శక్తి ఉంది. వాటి పేగులో ఆ బంధాలను తెంచే క్షయకరణ పరిస్థితులు ఉంటాయి. బంధాలు తెగాక మిగిలిన ప్రోటీన్‌ను ఎంజైములు ముక్కలు చేస్తాయి. జుట్టు రింగులు తిప్పడానికి వాడే మందులు కూడా ఇవే గంధక బంధాలను తెంచుతాయి. సెలూన్లో జరిగే రసాయన చర్యకు దగ్గరి బంధువు ఒకటి ఆ చిన్న పురుగు కడుపులో జరుగుతోందన్నమాట! సెల్యులోజ్‌ను జీర్ణం చేసుకునే ఏర్పాటు మాత్రం దానికి లేదు. అందుకే జనపనార దానికి తిండి కాదు, ఇల్లు మాత్రమే.

అయితే ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. నూలు బట్ట మీద చెమట, పాలు, కూర మరక ఉంటే, ఆ మరక కోసం లార్వా బట్టను కూడా కొరుకుతుంది. పట్టు కూడా ప్రోటీనే కాబట్టి పట్టుచీరకు కూడా ప్రమాదం ఉంది. కట్టి విప్పిన చీరను చెమటతో అలాగే మడతపెట్టి దాచడం పురుగును భోజనానికి పిలవడమే.

మన తెలుగునాట ఈ లెక్కన ఎవరు జాగ్రత్తపడాలో ఆలోచించండి. ఏలూరులో ఉన్ని తివాచీలు నేసే నైపుణ్యం తరతరాలుగా ఉంది. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు వెళ్ళాయి. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసే గొంగడి ఉంది. ధర్మవరం, గద్వాల, పోచంపల్లి పట్టుచీరలు ఉన్నాయి. తలంబ్రాలనాటి చీర ఒక్కటి చిల్లులు పడినా ఆ ఇంటికి పోయేది గుడ్డ ఒక్కటే కాదు.

కుట్టదు, కాని దురద పుట్టిస్తుంది

తివాచీ పురుగు మనిషిని కుట్టదు. రక్తం తాగదు. జబ్బులను మోసుకొస్తుందని కూడా తెలియదు. మరి పిల్లవాడి ఒంటిమీద దద్దుర్లు ఎలా వచ్చాయి?

ఆంత్రినస్ లార్వా ఒంటిమీద ఒక ప్రత్యేకమైన వెంట్రుకలు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కొక్కటి బల్లెంలా కనిపిస్తుంది. చివర మొన, దాని కింద వెనక్కి తిరిగిన ముళ్ళు. శత్రుకీటకం మీదికొస్తే ఈ వెంట్రుకలు ఊడి దాని కాళ్ళకు, నోటికి చిక్కుకుంటాయి. లార్వాకు ఇది ఆత్మరక్షణ. ఇంట్లో ఈ వెంట్రుకలు రాలి, కుబుసాలతో పాటు దుమ్ములో కలుస్తాయి. దుప్పటికి, చొక్కాకు అంటుకుంటాయి. కొందరి చర్మానికి ఇవి సరిపడవు. అప్పుడు ఎలర్జీ వల్ల దద్దుర్లు, దురద వస్తాయి. కొందరికి కళ్ళు, ముక్కు కూడా మండుతాయి. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవచ్చు.

ఈ దద్దుర్లను నల్లి కాట్లనో, గజ్జి అనో పొరబడడం మామూలే. దద్దుర్లు వస్తే డాక్టరుకు చూపించాలి. అప్పుడు ఇంట్లో దొరికిన పురుగునో, కుబుసాన్నో చిన్న సీసాలో వేసి పట్టుకెళ్ళండి. కారణం కనుక్కోవడం డాక్టరుకు తేలికవుతుంది.

మూలం ఎక్కడ?

పిన్ని ఇంట్లో ఆ సాయంత్రం మేమంతా వెతుకులాట మొదలుపెట్టాం. మంచం కింద ఒక ట్రంకు పెట్టె. అందులో పిన్ని అత్తగారి నాటి నల్ల కంబళి. విప్పగానే అక్కడక్కడ చిల్లులు, మడతల్లో ఇసుక రేణువుల్లాంటి రెట్ట, గుప్పెడు కుబుసాలు. పిన్ని మాట్లాడకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కంబళి దొరికింది కాబట్టి వెతుకులాట అయిపోయిందా? కాలేదు. ఈ పురుగు కంబళిలోకి ఎక్కడి నుంచో రావాలి కదా! మంచానికి సరిగ్గా పైన, గోడలో వెంటిలేటరు ఉంది. అందులో పావురాల పాత గూడు. ఈకలు, చచ్చిన పిల్ల ఎముకలు, వాటి నిండా లార్వాలు. అక్కడి నుంచి కుబుసాలు, వెంట్రుకలు నేరుగా పక్కమీద రాలుతున్నాయి.

ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన సూత్రం. తివాచీ పురుగుకు మొదటి ఇల్లు మీ అలమర కాదు, ప్రకృతి. అక్కడి నుంచి మీ ఇంటికి దారులు ఇవి: పక్షుల గూళ్ళు, ఎలుక చచ్చిన మూల, దీపాల డూముల్లో పోగయిన చచ్చిన పురుగులు, కందిరీగల పాత గూళ్ళు, తోటనుంచి తెచ్చిన పూలు, పాత ఉన్ని సామాను, పెంపుడు కుక్క వెంట్రుకలు పేరుకున్న సోఫా సందులు. మూలాన్ని తీసేయకుండా ఎన్ని మందులు కొట్టినా పురుగు మళ్ళీ వస్తుంది.

నివారణ: వరుసక్రమంలో అయిదు మెట్లు

మొదటి మెట్టు, గుర్తించడం. కిటికీ గట్లు చూడండి. ప్రౌఢకీటకాలు అక్కడ దొరుకుతాయి. చీకటి మూలలు, తివాచీ అంచులు, పెట్టెల అడుగులు టార్చిలైటుతో చూడండి. లార్వాలు, కుబుసాలు అక్కడ దొరుకుతాయి. బట్ట మీద సాలెగూడులాంటి పట్టుదారాలు ఉంటే అది బట్టల చిమ్మెట పని. దారాలు లేకుండా వెంట్రుకల కుబుసాలు ఉంటే తివాచీ పురుగు పని. కాగితం, గంజిపెట్టిన బట్ట గీకినట్టు ఉంటే వెండిచేప పని కావచ్చు. శత్రువు ఎవరో తెలియకుండా యుద్ధం చేయకూడదు.

రెండో మెట్టు, మూలాన్ని తీసేయడం. గుడ్లు, పిల్లలు లేని పాత పక్షి గూళ్ళను ముక్కుకు గుడ్డ కట్టుకుని, కొంచెం నీళ్ళు చిలకరించి తడిపి తీయండి. పావురాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తరవాత వెంటిలేటరుకు సన్నని వల బిగించండి.

మూడో మెట్టు, శుభ్రం చేయడం. ఇది అన్నిటికంటే శక్తిమంతమైన ఆయుధం. వాక్యూమ్ క్లీనరు ఉంటే తివాచీ అంచులు, మంచం సందులు, సోఫా మడతలు లాగించి, ఆ సంచిని వెంటనే ఇంటి బయట పారేయండి. అది లేకపోతే తడిగుడ్డతో తుడవండి. ఎండు చీపురుతో ఊడిస్తే వెంట్రుకలు గాలిలోకి లేస్తాయి. గుడ్లు, లార్వాలు, వాటి తిండి, దద్దుర్లు పుట్టించే వెంట్రుకలు అన్నీ ఒక్క శుభ్రతతో పోతాయి. ఏ మందూ ఈ నాలుగు పనులూ చేయలేదు.

నాలుగో మెట్టు, మిగిలినవాటిని వేడితోనో చలితోనో చంపడం. అన్ని దశల పురుగులనూ 55 డిగ్రీల సెల్సియస్ వేడి గంటసేపట్లో చంపుతుంది. ఉతకడానికి తట్టుకునే బట్టలను 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకవచ్చు. ఉన్ని, పట్టు ఆ వేడికి పాడవుతాయి. వాటిని డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. లేదా ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూతి కట్టి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. ఫ్రిజ్ కింది అర చాలదు. అక్కడి చలికి పురుగు నిద్రపోతుంది, చావదు. బయటకు తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. వెంటనే విప్పితే గాలిలోని తేమ బట్ట మీద నీటిబొట్లుగా కూడుతుంది. మ్యూజియంలలో విలువైన బట్టలకు ఈ చలి పద్ధతి వాడతారు. మన పెద్దవాళ్ళు ఎండలో కంబళ్ళు పరిచి, దులిపి, తిరగేసేవాళ్ళు. అందులో శాస్త్రం ఉంది. వెలుతురు లార్వాను కలవరపెడుతుంది, దులపడం గుడ్లను రాలుస్తుంది. పట్టును మాత్రం నీడలోనే ఆరవేయాలి. ఎండకు దాని రంగు వెలుస్తుంది.

అయిదో మెట్టు, సరిగా దాచడం. ఉతకని బట్ట దాచకూడదు. శుభ్రం చేసిన బట్టను గాలి చొరని మూతగట్టి పెట్టెలోనో, జిప్పు సంచిలోనో పెట్టాలి. మూడు నెలలకు ఒకసారి విప్పి, దులిపి, మడత మార్చి మళ్ళీ పెట్టాలి. కదలిక లేని చోటే ఈ పురుగుకు ఇష్టమని చెప్పుకున్నాం కదా!

మందుల మాట

1939లో స్విట్జర్లాండ్‌లోని గైగీ రంగుల సంస్థలో పనిచేస్తున్న పాల్ ముల్లర్ డీడీటీకి కీటకాలను చంపే గుణం ఉందని కనుగొన్నాడు. ఉన్ని బట్టలను పురుగుల నుంచి కాపాడే మందుల కోసం ఆ సంస్థలో అప్పటికే అన్వేషణ సాగుతోంది. 1948లో ముల్లర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అదే డీడీటీ నేలలో, నీళ్ళలో, జీవుల కొవ్వులో పేరుకుపోతుందని తరవాత తెలిసింది. 1989లో మన దేశం వ్యవసాయంలో దాని వాడకాన్ని నిషేధించింది. పురుగును చంపే ప్రతి మందునూ 'ఇంకేమి చేస్తుంది?' అని అడగాలన్నది ఆ కథ నేర్పిన పాఠం.

మనకు బాగా తెలిసిన కలరా ఉండలనే తీసుకోండి. అవి నాఫ్తలీన్. ఘనస్థితి నుంచి నేరుగా వాయువుగా మారడానికి, అంటే ఉత్పతనానికి, మీ పాఠ్యపుస్తకంలో ఇచ్చే ఉదాహరణ. ఆ ఆవిరి చిక్కగా నిండితేనే పురుగు చస్తుంది. అందుకు పెట్టె గాలి చొరకుండా మూసి ఉండాలి. తెరిచి మూసే బీరువాలో నాలుగు ఉండలు వేస్తే పురుగు చావదు, ఆ గాలి మాత్రం మనం పీలుస్తాం. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పసిపిల్లల బట్టల్లో ఈ ఉండలు వేయకండి. తెల్లగా మిఠాయిలా ఉంటాయి కాబట్టి పిల్లలకు అందేచోట ఉంచకండి. కర్పూరం కూడా పిల్లలు మింగితే విషమే. ఎండు వేపాకు వేయడంలో హాని లేదు. కాని దాని మీదే భారం వేసి శుభ్రతను మరవకూడదు.

పైరిత్రాయిడ్ జాతి మందులను అవసరమైతే గోడ పగుళ్ళలో, తివాచీ అంచుల కింద, సీసా మీది సూచనల ప్రకారం వాడవచ్చు. పక్కబట్టల మీద, పిల్లల బట్టల మీద చల్లకూడదు.

ఇక పిన్ని అలమరలోని మాత్రల సంగతి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే ఈ చర్య జరుగుతుంది: ఒక అల్యూమినియం ఫాస్ఫైడ్ అణువు, మూడు నీటి అణువులతో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ను, ఫాస్ఫీన్ వాయువును ఇస్తుంది. నది ఒడ్డునున్న ఊళ్ళో గాలిలో తేమకు కరువేమిటి? ఫాస్ఫీన్ గాలికంటే కాస్త బరువైనది. మూసిన గదిలో నిండుతుంది, తలుపు సందుల్లోంచి పక్కగదికి పాకుతుంది. జీవకణాలు ఆక్సిజన్‌ను వాడుకునే ఏర్పాటునే దెబ్బతీస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. మూసిన గోదాములో, మనుషులు లేనప్పుడు, శిక్షణ పొందినవాళ్ళు వాడవలసిన మందు అది. మన దేశపు నిబంధనల ప్రకారం ప్రభుత్వ సంస్థలకు, పెస్ట్ కంట్రోల్ నిపుణులకు తప్ప మామూలు జనానికి అమ్మకూడదు. అయినా చేతులు మారి ఇళ్ళకు చేరుతుంది. నల్లుల కోసమో బొద్దింకల కోసమో దాన్ని పడకగదిలో పెట్టి, తెల్లవారేసరికి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు మన పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి.

ఆ రాత్రి మంచం కింద ఆ మాత్రలు పెట్టి ఉంటే? పక్కమీద పడుకునేది రెండేళ్ళ పిల్లవాడు. పైగా వెంటిలేటరులోని గూడు అలాగే ఉండేది.

మర్నాడు గూడు తీయించాం. గది తడిగుడ్డతో తుడిచాం. పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతికించాం. మాత్రల సీసాను మూత తీయకుండా, పెస్ట్ కంట్రోల్ అనుమతి ఉన్నవాళ్ళకు అప్పగించాం. పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించాం. నెల తిరగకుండా దద్దుర్లు తగ్గాయని పిన్ని ఫోను చేసింది. కంబళిని పారేయమని కొందరు అన్నారట. పిన్ని ఒప్పుకోలేదు. రెండు వారాలు పక్కింటి ఐస్‌క్రీం కొట్టువాళ్ళ ఫ్రీజర్లో పెట్టించి, చిల్లులున్న భాగం కోసేసి, మిగిలినదాన్ని మనవడి ఊయల ఎత్తుగా కుట్టించింది. ఇప్పుడు మూడు నెలలకోసారి విప్పి దులుపుతోంది.

మీరు చేసి చూడండి

1. మీ ఇంట్లోని కిటికీ గట్ల మీద చచ్చిన పురుగులను నెలరోజులపాటు ఏరి, తెల్లకాగితం మీద పరచి, భూతద్దంతో చూడండి. ఎన్ని రకాలున్నాయో, ఏ కిటికీలో ఎన్నో పట్టిక వేయండి. మీ ఇంట్లో వెతకవలసిన గది ఏదో ఆ పట్టికే చెబుతుంది.

2. పెద్దవాళ్ళ సమక్షంలో, నీళ్ళ పళ్ళెం పక్కన ఉంచుకుని, ఉన్ని, పట్టు, నూలు, జనపనార, నైలాన్ దారాలను ఒక్కొక్క అంగుళం మేర పట్టుకారుతో పట్టి కాల్చి చూడండి. ఉన్ని, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తాయి. నూలు, జనపనార కాగితం కాలినట్టు కాలి బూడిదవుతాయి. నైలాన్ కరిగి ముద్దవుతుంది. వీటిలో తివాచీ పురుగు దేన్ని తింటుందో ఇప్పుడు మీ ముక్కే చెప్పగలదు.

3. మీ ఇంట్లో పురుగుమందుల డబ్బాలు, సీసాలు ఎన్ని ఉన్నాయో చూడండి. లేబులు లేనివి, ఎవరో 'గోదాములోవి' అని ఇచ్చినవి ఉంటే ముట్టుకోకుండా పెద్దవాళ్ళకు చెప్పండి.

కిటికీ గట్టు దగ్గర మొదలుపెట్టాం, అక్కడే ముగిద్దాం. ఆవగింజంత పురుగు ఒకటి వెల్లకిలా పడి కనిపిస్తే చీపురుతో తోసేయకండి. ఒక్క నిమిషం వంగి చూడండి. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. మీ ఇంట్లో మందు సీసా కోసం ఎవరైనా చెయ్యి చాపేలోపే ఆ ప్రశ్న అడగగలిగితే, ఈ పాఠం మీకు పనికివచ్చినట్టే.